కంఠతా వచ్చిన చార్టు

ఇది నేను చెప్తుంటే నా బిడ్డ మౌనిక రాస్తున్నది. నాకు రాయరాక కాదు. రాస్తే ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కుతున్నది, నేను రాసింది నేనే చదువుకోలేకపోతున్న. మౌనిక ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చి చాయ తాగినంక ఓ అర్ధగంట నా ముందట కూసుంటది. చెప్పింది చెప్పినట్టే రాయాలె, నన్ను మంచోణ్ణి చెయ్యాలని చూడొద్దని ముందే ఒట్టు పెట్టించుకున్న. తనకు నచ్చనిది వచ్చినప్పుడు పెన్ను ఆపుతది. మొఖం సరిగ్గ కనిపించకున్నా పెన్ను చప్పుడు ఆగితే తెలుస్తది కదా.

నా పేరు యాదగిరి. కొండాపూర్‌ల కండ్లద్దాల దుకాణం నాది. ఇరవై ఏండ్ల సంది పవర్ చూసి అద్దాలు బిగించి ఇస్తున్న. ఇప్పుడు నా కుడి కన్ను పోయింది. ఎడమది సగం ఉంది. ఆ సగం నిలుస్తదా పోతదా అన్నదే నాకు మిగిలిన ఒకే ఒక్క ముచ్చట. అందరి కండ్లు చూసెటోనికి కన్ను పోవుడేందిరో అని నవ్వెటోళ్లు నవ్వుకోండ్రి. ఇంకోని గురించి వింటే నేను కూడ నవ్వెటోణ్ణే.

పని నేర్చుకున్నది బాలానగర్‌ల. రేకుల షెడ్డు కింద అద్దాలు సాన పట్టే చిన్న కార్ఖానా. అక్కడి ఉస్తాద్ నన్ను మిషన్ ముట్టనియ్యక ముందు మూడు నెలలు ఒకటే పని చేయించిండు. "అద్దాన్ని చెయ్యి చాపి పట్టుకో. దాంట్లకెల్లి కిటికీ ఊసను చూడు. అద్దాన్ని మెల్లగ పక్కకు జరుపు. ఊస కూడ అదే దిక్కు పోతే మైనస్. ఎదురు దిక్కు పోతే ప్లస్. తెలిసిన పవర్ అద్దాలు దానికి ఒక్కొక్కటి జోడిస్త పో. ఊస కదలకుండ నిలబడ్డదా, నీకు పవర్ దొరికినట్టే" అనేటోడు. ఏడాది తిరిగేసరికి ఏ అద్దం చేతిల పెట్టినా పావు పవర్ తేడా లేకుండ చెప్పేటోణ్ణి. తర్వాత పవర్ చూపించే మిషన్లు వచ్చినయి, నా దుకాణంల కూడ ఒకటి ఉంది. కానీ మొదలు చేతితోని చూసి, తర్వాతనే మిషన్‌ల పెట్టేటోణ్ణి. ఆ గర్వం నాకు మస్తు ఉండె. అదే కొంప ముంచింది.

మా సందు నిండ హాస్టళ్లే. వచ్చేది ఎక్కువ ఐటీ పిల్లలు. "అన్నా, మైనస్ అంటే ఏంది? నాకు చూపు తక్కువ అన్నట్టా?" అని అడుగుతరు. అడిగితే నాకు హుషారు. గాజు గ్లాసుల నీళ్లు పోసి చెంచా ఏస్త. "చూడు, చెంచా విరిగినట్టు కనిపిస్తున్నదా? విరిగింది చెంచా కాదు, వెలుగు. గాలిల ఉరికే వెలుగు నీళ్లలకో గాజులకో వచ్చేసరికి నెమ్మదిస్తది. ఏటవాలుగ వచ్చి నెమ్మదిస్తే వంగుతది. అద్దం ఏ దిక్కు మందం ఉంటే ఆ దిక్కే వంగుతది. నడుమ మందమున్న అద్దం వెలుగునంత నడిమికి కూడగడ్తది, అది ప్లస్. అంచులు మందమున్నది బయటికి చెదరగొడ్తది, అది మైనస్. నీ కంట్ల కూడ ఒక బిళ్ల ఉంటది, వెనక ఒక తెర ఉంటది. వెలుగు సరిగ్గ తెర మీద పడి కూడాలె. నీకు తెర కంటె ముందే కూడుతున్నది, అందుకే దూరంవి మసక. నేను మైనస్ ఇచ్చి దాన్ని జర వెనకకు నూకుత. గంతే." పిల్లలు నోరు తెరిచి వినేటోళ్లు. తెర గురించి ఆ ఒక్క ముక్కనే చెప్పేటోణ్ణి. నాది బిళ్లల బేరం, తెరతోని నాకేం పని అనుకున్న.

ఇంకో మాట కూడ చెప్పేటోణ్ణి. ఆరు నెలల్ల పవర్ రెండుసార్లు మారినోళ్లకు నేను అద్దం అమ్మను. "పోయి షుగర్ పరీక్ష చేయించుకొని రా. నెత్తుట్ల షుగర్ పెరిగితే కంటి బిళ్ల ఉబ్బుతది. ఉబ్బితే వెలుగు ఎక్కువ వంగుతది. ఇయ్యాల చూసిన పవర్ వచ్చే నెలకు ఉండది" అని తిప్పి పంపేటోణ్ణి. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకునే ఒకాయన అట్లనే పోయి, వారానికి మళ్ల వచ్చిండు. "మీరు అద్దాలు ఇచ్చేసి పంపేసి ఉంటే నాకు తెలిసేదే కాదండి, షుగర్ బయటపడింది" అని నా చేతులు పట్టుకున్నడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్ననో లెక్క లేదు.

ఇగ నా సంగతి వినుండ్రి.

నిరుడు ఎండకాలం. నాకప్పటికి నలభై ఆరు. నాలుగేండ్ల సంది చత్వారం అద్దాలు లేకుండ పేపర్ చదవరాకపోతుండె. ఒకరోజు పొద్దుగాల అద్దాలు పెట్టుకోకుండనే పేపర్ మొత్తం చదివేసిన. నా ఇంటామె సుజాతను పిలిచి చెప్పిన. "చూసినవా, నాకు వయసు ఎనకకు పోతున్నది."

"పోతది పోతది. బుద్ధి ఎప్పుడో పోయింది, ఇప్పుడు వయసు వంతు" అన్నది.

ఇద్దరం నవ్వుకున్నం. దగ్గరివి మంచిగ కనిపిస్తున్నయి గానీ రోడ్డు అవతలి బోర్డులు మసక పట్టినయి. దుకాణం వెనక పరదా చాటుకు పోయి, పవర్ చూసే ఫ్రేమ్ నేనే మొఖానికి తగిలించుకొని, నేనే అద్దాలు మార్చుకుంట చార్టు చూసుకున్న. మైనస్ ముప్పావు. నేనే జోడు చేసుకున్న. బోనాల నాటికి అది సరిపోలే. మైనస్ ఒకటిన్నర. ఇంకో జోడు. వానలు తగ్గినంక చూస్తే పవర్ మళ్ల తగ్గినట్టనిపించింది, మూడో జోడు. బాటిళ్లకు బాటిళ్లు నీళ్లు తాగుతున్న, నీరసం. ఎండ దెబ్బ అనుకున్న, ఎండలు పోయినంక గూడ ఎండ దెబ్బనే అనుకున్న. దీపం కింద చీకటి అంటరు చూడుండ్రి, అది నేనే. వేరేటోడు ఆరు నెలల్ల మూడు పవర్లతోని వస్తే నేను తిట్టి దవాఖానకు తోలేటోణ్ణి.

మరి చార్టు మీద తేడా ఎందుకు తెలువలేదంటే, ఆ చార్టు ఇరవై ఏండ్ల సంది అదే గోడకు ఉంది. రోజుకు ఎంతమందితోని చదివించిననో. ఐదో వరస: గ, ప, ల, వ, న. ఆరో వరస: మ, ద, ర, య, స. నిద్రల లేపి అడిగినా చెప్త. నా కన్ను నేను చూసుకునేటప్పుడు కంటితోని చదువుతున్ననో నోటితోని చదువుతున్ననో నాకే తెలువలే. ఆరో వరస దాక గడగడ చదివి, ఏం ఫికర్ లేదు అనుకొని పరదా తీసి బయటికి వచ్చేటోణ్ణి. ఇంకో దుకాణానికి పోయి చూపించుకునేందుకు నాకు నామోషీ. నాకంటె ఎక్కువ తెలిసినోడు ఈ సందుల ఎవడున్నడు అని.

బతుకమ్మ పండుగ రోజుల్ల ఒక పొద్దున కౌంటర్ మీద అద్దం బిగిస్తుంటే కుడి కంటి ముందట నల్ల దారం అడ్డమొచ్చింది. అద్దం మీద వెంట్రుక అనుకొని తుడిచిన. పోలే. అద్దం తీసి చూసిన, దారం గాలిల ఉంది. రెండు రోజులకు దారం పొగ లెక్క అయింది. అప్పుడు కూడ నేనేం చేసిన? కొత్త అద్దం బిగించుకున్న. నాలుగో జోడు. నవ్వాలెనో ఏడ్వాలెనో తెలుస్తలేదు ఇప్పుడు. ఆ పొద్దుమీకి సుజాత చాయ పోసుకోమని కెటిల్ ఇస్తే కప్పు పక్కకు, టేబుల్ మీద పోసిన. సుజాత గుడ్డ తెచ్చి తుడిచి, నా గదువ పట్టుకొని మొఖం పైకి లేపి, "కుడి కన్ను మూసుకో. ఇప్పుడు ఎడమది మూసుకో. నేను కనిపిస్తున్ననా?" అని అడిగింది.

"కనిపిస్తున్నవ్" అన్న. ఎర్రటి పొగ తప్ప ఏం లేదు.

తెల్లారి తనే క్యాబ్ పిలిచింది. మాదాపూర్ మెట్రో కింద ట్రాఫిక్‌ల ముప్పావు గంట ఇరుక్కున్నం. చుట్టూ కార్లల్ల మా దుకాణం పిల్లల లాంటోళ్లు, మెడల ఐడీ కార్డులు, కండ్లకు అద్దాలు. వీళ్లల్ల ఎందరికి నేను బిగించిననో అనుకున్న.

కంటి దవాఖానల పరీక్ష చేసే అమ్మాయి ఎడమ కన్ను మూసి, ఎదురుంగ తెల్లటి స్క్రీన్ ఏసి "చదవండి సార్" అన్నది. నాకు కనిపిస్తున్నది పొగ. పొగ వెనక పొగ. నోరు మాత్రం దానంతట అదే లేచింది. "గ, ప, ల, వ, న. మ, ద, ర, య, స" అని చెప్పేసిన, ఒక్క తడబాటు లేకుండ.

ఆ అమ్మాయి నా ఎడమ కంటి మీది మూత సరిగ్గనే ఉందా అని ముట్టి చూసింది. తర్వాత మెల్లగ అన్నది: "సార్, ఇవి అక్షరాలు కావు. అంకెలు."

సుజాత నా వెనకాలే నిలబడి ఉంది. నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. జన్మల అంత సిగ్గు నేనెప్పుడూ పడలే.

డాక్టరమ్మ కోస్తా దిక్కు ఆమె. నెమ్మదస్తురాలు. నెత్తురు పరీక్ష కాయిదం చూసి, కండ్లల్ల లైటు ఏసి చాలాసేపు చూసింది. "యాదగిరిగారూ, మీకు ఆప్టికల్ షాపు ఉందన్నారు కదండీ. షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?"

"ఎన్నడూ లేదమ్మా" అని సుజాత చెప్పింది.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదండి. ఏళ్ల తరబడి ఉండి ఉంటుంది. మీరు మార్చుకుంటూ వచ్చిందంతా ముందున్న లెన్సుకి. పాడైంది వెనక రెటీనా. అక్కడ రక్తం కారుతోందండి. కుడి కంటికి ఆపరేషన్ చేద్దాం. చూపు ఎంత వస్తుందో నేను మాట ఇవ్వలేను. ఎడమ కంటిలోనూ మొదలైంది, దాన్ని కాపాడుకోవాలి."

సినిమా హాలుల తెర తడిసి ముద్దయితుంటే నేను మిషన్ కాడ కూసొని బిళ్లలు మార్చుకుంట ఉన్ననన్నట్టు. నేను అందరికి చెప్పే ముచ్చటనే నాకు తిప్పి చెప్పింది ఆమె.

బయట వరండల సుజాత బరస్ట్ అయింది. "ఊరందరికి షుగర్ చూపించుకోండ్రి, షుగర్ చూపించుకోండ్రి అని చెప్పినవ్. శ్రీరంగ నీతులు! నీకెవలు చెప్పాలె? నేను చెప్పాలెనా? నాకేం తెలుసు? నీకే కదా అన్ని తెలిసేది!" వచ్చిపోయేటోళ్లు చూస్తున్నరు. "జర మెల్లగ మాట్లాడవే" అన్న. "ఇంకెంత మెల్లగ మాట్లాడాలె? ఇన్నేండ్లు మెల్లగనే మాట్లాడిన" అని కూలబడి ఏడ్చింది. మౌనిక పెన్ను ఆపింది. రాయి బిడ్డా, అమ్మ అన్నదాంట్ల తప్పేముంది.

దసరా నుంచి చలికాలం దాక నేను బతికింది ఆ దవాఖాన హాలులనే అనుకోండ్రి. కండ్లల్ల మందు చుక్కలు ఏస్తరు, కంటిపాప పెద్దగయ్యేదాక కండ్లు మూసుకొని కూసోవాలె. ఏ కంట్ల మందు సూది గుచ్చాలెనో తప్పకుండేందుకు ఆ కంటి పైన నుదుటికి తెల్లటి స్టిక్కర్ అంటిస్తరు. స్టిక్కర్లు పెట్టుకొని వరసల్ల కూసున్న మనుషులు, ఒకరి మొఖం ఒకరికి కనిపించదు. టోకెన్ నంబర్లు టీవీల పడ్తయి. కండ్లు మసకేసినోళ్లకు నంబర్లు టీవీల పెట్టాలన్న ఆలోచన ఎవనికి వచ్చిందో వానికి దండం పెట్టాలె.

అక్కడ సత్యనారాయణగారని ఒక పెద్దాయన పరిచయమైండు. గవర్నమెంట్ ఉద్యోగం చేసి రిటైరైండు, కాకినాడ మనిషి. ఆయనకు నాకంటె ఎక్కువ పోయింది చూపు. అయినా ప్రతిసారి నా నంబర్ అడిగి తెలుసుకునేటోడు. నర్సమ్మ ఎవల పేరు పిలిచినా, ఎవలు లేచిపోయినా మనసుల లెక్క పెట్టుకుంట, "ఇంకా ముగ్గురున్నారండి మీ ముందు, కంగారు పడకండి" అని చెప్పేటోడు. ఒక్కసారి గూడ లెక్క తప్పలే. మొదటిసారి కంట్ల సూది అన్ననాడు నా చెయ్యి తన చేతిల పెట్టుకొని, "నొప్పి కాదండి, భయమే. చల్లగా ఏదో తగిలినట్టుంటుంది. ఒకటి నుంచి పది లెక్కపెట్టండి, ఏడు దగ్గర అయిపోతుంది" అన్నడు. లెక్కపెట్టిన. నిజంగనే ఏడు కాడ అయిపోయింది. చలికాలం మధ్యల ఆయన రాకడ ఆగిపోయింది. ఏమైండో అడిగేందుకు నాకు ధైర్యం రాలే.

కుడి కంటికి ఆపరేషన్ చేసి, వెనక తెర కదలకుండ లోపట నూనె నింపిన్రు. పది రోజులు బోర్ల పండుకొనే ఉండాలె, తినుడు తాగుడు తప్ప తల ఎత్తొద్దు అన్నరు. మంచం చివరకు తల వంచుకొని పండుకుంటే నాకు కనిపించేది ఒక్క గచ్చు పలక. ఆ పలక మీది మచ్చలన్ని ఇప్పటికీ గుర్తున్నయి. మూడో రోజు నేను ఏడుస్తున్నట్టు తెలిసిందేమో, సుజాత వచ్చి ఆ గచ్చు మీద ఎల్లకిల పండుకున్నది, నా మొఖం కింద తన మొఖం ఉండేటట్టు. అట్లనే పండుకొని ఇంటి ముచ్చట్లు చెప్పింది. కూరగాయలామె ఏమన్నదో, మౌనిక లెక్కల టీచర్ ఏమన్నదో. తిట్టిన నోరే అది. పది రోజులు, రోజు అట్లనే చేసింది.

అంత చేసినా కుడి కన్ను రాలే. కండ్ల ముందట చెయ్యి ఊపితే ఏదో కదిలినట్టు తెలుస్తది. గంతే. "ఇంతకంటే రాకపోవచ్చండి" అని డాక్టరమ్మ చెప్పిననాడు, బతికి ఏం చెయ్యాలె అనిపించింది. ఒక్కసారి కాదు, మస్తుసార్లు అనిపించింది. ఇది రాయొద్దంటున్నది మౌనిక. రాయి. ఇంకెవలకన్న అనిపిస్తే, అనిపించేది తమకొక్కలకే కాదని తెలువాలె.

దుకాణం సుజాత తెరుస్తున్నది. నేను కుర్చీల కూసుంట. ఒకనాడు ఐటీ అమ్మాయి ఒకామె పాత అద్దాలు తెచ్చి, "అంకుల్, వీటి పవర్ ఎంతో చెప్తారా?" అని అడిగింది. సుజాత మిషన్ దిక్కు పోతుంటే ఆగమన్న. అద్దం తీసుకొని చెయ్యి చాపి కిటికీ దిక్కు పట్టిన. మెల్లగ జరిపిన. ఊస ఎటు పోతున్నదో చూద్దామంటే, నాకు ఊసనే దొరకలే. కిటికీ మొత్తం ఒకటే తెల్లటి మెరుపు. అద్దం తిరిగి ఇచ్చేసిన. ఆ అమ్మాయి ఏమనుకున్నదో ఏమో, "థాంక్యూ అంకుల్" అన్నది.

ఇగ ఎడమ కన్ను. నెలకో సూది. దాంతోని పాటు డాక్టరమ్మ ఒక పని పెట్టింది. "వారానికోసారి ఇంట్లో చార్టు చదివించండి. ఎన్ని వరసలు చదివారో రాసి పెట్టండి. ఒక్క వరస తగ్గినా ఆ రోజే తీసుకురండి, మరుసటి నెల దాకా ఆగొద్దు. చార్టు మాత్రం ప్రతి వారం మార్చాలమ్మా, మీ నాన్నగారి సంగతి తెలుసు కదా" అని మౌనికతోని చెప్పి నవ్వింది. ముగ్గురం నవ్వినం ఆనాడు.

మౌనిక శనివారం సాయంత్రం స్కేలు పెట్టి కొలిచి, తెల్ల కాయిదం మీద కొత్త అక్షరాలు రాస్తది. ఐదు వరసలు. ఆదివారం పొద్దున హాలుల గోడకు అంటించి, పది అడుగుల దూరంల నన్ను కూసోబెట్టి చదివిస్తది. ఎన్ని వరసలు చదివితే ఆ అంకె క్యాలెండర్‌ల ఆనాటి గడిల రాస్తది. మొదటి నెల అంతా ఐదు, ఐదు, ఐదు, ఐదు. ఆ గడి చూసినప్పుడల్ల సుజాత వంటింట్ల ఏదో పాట పాడుకుంట పని చేసుకునేది.

శివరాత్రి దగ్గర పడ్డంక ఐదో వరస చెదిరింది. ఒక ఆదివారం ఎట్లనో తంటాలు పడి, ఊహించి చదివిన. మా బిడ్డ 'ఐదు' అని రాసింది. రాస్తుంటే తను ఊపిరి వదిలింది, నాకు వినిపించింది. ఆ ఊపిరి కోసమే నేను చేసిన పని ఇది. తర్వాతి శనివారం, మౌనిక చార్టు రాసి టేబుల్ మీద పెట్టి స్నానానికి పోయినంక, దుకాణంల వాడే బూతద్దం తీసి, కిటికీ కాడికి పోయి, కాయిదాన్ని ముక్కుకు ఆనించుకొని ఐదో వరస కంఠతా పట్టిన. తెల్లారి చదివిన. ఐదు. ఆ పై వారం కూడ. ఆ పై వారం కూడ.

నాకు తెలువక కాదు. వరస తగ్గితే ఆ రోజే రావాలె అన్న మాట నా చెవులతోనే విన్న. మళ్ల ఆ హాలు, ఆ స్టిక్కరు, ఆ సూది, సుజాత మొఖం. వద్దు దేవుడా, ఈ ఒక్క వారం నడవనీ అనుకున్న. దొంగతనం నా కన్ను మీదనే చేసుకున్న.

నాలుగో ఆదివారం. గోడకు కాయిదం ఉంది. ఒకటో వరస, రెండు, మూడు, నాలుగు చదివిన. నాలుగు దాక నిజంగనే కనిపించినయి. ఐదో వరస కాడ ఏం కనిపించకున్నా, ముందటి రోజు పట్టింది ఉంది కదా. "ర, చ, బ, ట, హ" అన్న, ఒక్కొక్కటి ఆగి ఆగి, కండ్లు చికిలించి, చూసి చదివినట్టే.

పెన్ను చప్పుడు రాలే.

"రాయవేందే?" అన్న.

"ఐదో వరస నేను రాయలేదు డాడీ." నా దగ్గరికి వచ్చి నిలబడ్డది. "నిన్న టేబుల్ మీద పెట్టింది వేరే కాయిదం. గోడకు పెట్టింది వేరేది. దీంట్ల నాలుగే ఉన్నయి. ఐదో దాని కాడ ఉత్త కాయిదమే."

అంతకు ముందటి వారం కాయిదం మీద నా బూతద్దం మరిచిపోయిన్నట. అప్పుడే తెలిసిందట తనకు. అమ్మకు చెప్పకుండ వారమంతా కడుపుల పెట్టుకున్నది. వంటింట్ల కుక్కర్ కూత పెడ్తున్నది, సుజాత పొయ్యి బంద్ చేసి వచ్చి నిలబడ్డది. తిట్టలే. తిడితే బాగుండు అనిపించింది. చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందట పెట్టింది.

ఆదివారమైనా దవాఖానకు ఆ డాక్టరమ్మనే వచ్చి చూసింది. చూసినంక కుర్చీ దగ్గరికి జరుపుకొని, "మూడు వారాల క్రితం వచ్చి ఉంటే ఐదో వరస నిలబడేదేమోనండి. ఇప్పుడు అది పోయింది. నాలుగు కాపాడుకుందాం" అన్నది. కోపం చెయ్యలే. మౌనిక భుజం మీద చెయ్యి ఏసి, "బంగారు తల్లీ, నువ్వు చేసిన పని నేను చేయలేకపోయేదాన్ని" అన్నది. లేజర్ చేసింది, సూదుల నడుమ వ్యవధి తగ్గించింది. ఈ ముచ్చట అంతట్ల దొంగ ఎవలంటే నేనే.

అది అయిపోయి ఎండకాలం పోయింది, వానలు పడ్తున్నయి. గండం గడిచిందనే అన్నరు. మొన్నటిదాక నాలుగు వరసలు నిలబడ్డయి. షుగర్ కట్టడిల ఉంది. దుకాణంల పాత చార్టు పీకేయించిన. సుజాత పవర్ చూసుడు నేర్చుకుంటున్నది, ఎట్ల అడగాలెనో నేను చెప్తున్న. "కనిపిస్తుందా అని అడిగి ఊకోకు. మనుషులు కనిపిస్తుందనే అంటరు. వెనకకెల్లి ముందటికి చదివించు. నడిమి అక్షరం అడుగు" అని. కనిపిస్తలేదు అన్న మాట నోటికి ఎంత బరువో నాకు తెలుసు. ఇరవై ఏండ్లు నేను అందరితోని ఆ మాట అనిపించిన గానీ, నేను ఒక్కసారి అనలే.

ఇది ఎవలన్న చదివితే, వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ కన్ను మీరు చూసుకోకుండ్రి. చదువు వచ్చినోళ్లు అస్సలే చూసుకోకుండ్రి.

ఇక్కడికి అయిపోయిందని మౌనిక కాయిదాలు సదురుతున్నది. కాలే, ఇంకొకటి ఉంది, కూసో అన్న.

మొన్న ఆదివారం. కొత్త కాయిదం, నాలుగు వరసలు. నేను శనివారం పొద్దుమీకినుంచే ఆ టేబుల్ దిక్కు పోలే. మూడు వరసలు చదివిన. నాలుగో వరసల మొదటి అక్షరం ఉన్నట్టే ఉండి జారిపోయింది. రెండోది లేదు. మూడోది లేదు. నోరు దానంతట అదే కదలబోయింది, పండ్లు బిగబట్టిన.

"కనిపిస్తలేదు" అన్న.

"మళ్ల చూడు డాడీ."

"కనిపిస్తలేదు బిడ్డా."

"మబ్బు పట్టింది, అందుకే. లైటు ఏస్త ఆగు." లైటు ఏసింది. కిటికీ పరదా గుంజింది. కాయిదాన్ని ఇంకా సాపుగ అంటించింది. "ఇప్పుడు చూడు. జల్ది ఏం లేదు. మెల్లగ చూడు."

చూసిన. తెల్లగ ఉంది.

"మొదటిది నీకు తెలిసిందే డాడీ." దగ్గరికి వచ్చి నా మోకాళ్ల కాడ కూసున్నది. చేతిల పెన్ను అట్లనే ఉంది. "గుండ్రగ ఉంటది చూడు. దుకాణంల పాత చార్టుల ఐదో వరస చివరకు ఏముండె? యాద్ చేసుకో. అదే. చెప్పు డాడీ, ఒక్కటి చెప్పినా నేను నాలుగని రాస్త."

ఏడుస్తున్నదని చెయ్యి పెడితే తెలిసింది. చెంపలు తడిగ ఉన్నయి. తను చెప్తున్నది 'న' అని నాకు తెలుసు.

"లేదు బిడ్డా" అన్న. "కనిపిస్తలేదు. క్యాలెండర్‌ల మూడని రాయి. రాసి అమ్మను పిలువు, చెప్పులు తెమ్మను."